కంప్యూటర్ ఆగితే ఈ పెట్టె రావాల్సిందే.. 1960ల నాటి పోర్టబుల్ ఆసిలోస్కోప్ కథ తెలుసా?

ఇప్పుడు ల్యాప్‌టాప్ పాడైతే సర్వీస్ సెంటర్‌కు పట్టుకెళ్తాం. కానీ 1960ల్లో కంప్యూటర్ అంటే గదిని నింపేసేంత పెద్ద యంత్రం. దాన్ని కదిలించే పరిస్థితే లేదు. అది ఆగిందంటే దాని మీద నడిచే ఆఫీసు పని కూడా ఆగినట్టే. కాబట్టి రిపేర్ చేసే ఇంజినీరే పరికరాలతో అక్కడికి వెళ్లాలి. ఆ పరికరాల్లో ముఖ్యమైంది ఆసిలోస్కోప్.

ఏంటీ ఆసిలోస్కోప్?

వైర్‌లో పారే సిగ్నల్ కంటికి కనబడదు. వోల్టేజ్ ఎప్పుడు పెరిగింది, ఎంతసేపు నిలిచింది, ఎప్పుడు పడిపోయింది.. ఇదంతా తెర మీద గీతగా చూపించేదే ఆసిలోస్కోప్. డాక్టర్‌కు ఈసీజీ ఎలాగో, ఎలక్ట్రానిక్స్ మెకానిక్‌కు ఇది అలాగ.

ఈ రంగంలో పెద్ద పేరు అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రానికి చెందిన టెక్‌ట్రానిక్స్. 1946లో మొదలైన కంపెనీ ఇది. 1950ల్లో వచ్చిన దాని 545 మోడల్‌కు మంచి పేరుంది. కానీ దాని నిండా వాక్యూమ్ ట్యూబులే. బరువు సుమారు 30 కిలోలు. చక్రాల బండి మీద పెట్టి తోసుకెళ్లాల్సిందే.

ట్రాన్సిస్టర్‌తో ఏం మారింది?

ట్యూబ్ పనిచేయాలంటే లోపలి ఫిలమెంట్ ఎప్పుడూ వేడెక్కుతూ ఉండాలి. కరెంట్‌లో చాలా భాగం ఆ వేడికే పోతుంది. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, ఫ్యాన్ కావాలి. ట్రాన్సిస్టర్‌కు ఫిలమెంట్ అవసరం లేదు. దాంతో వేడి, బరువు, కరెంట్ ఖర్చు మూడూ తగ్గాయి.

1960లో టెక్‌ట్రానిక్స్ 321 మోడల్ తెచ్చింది. కరెంట్ లేని చోట కూడా, టార్చిలైట్ సెల్స్‌తో నడిచే స్కోప్ ఇది. కాకపోతే 5 మెగాహెర్ట్జ్ వరకే చూపించగలదు. కంప్యూటర్ల వేగానికి అది చాలదు.

ఐబీఎం అడిగింది.. 453 వచ్చింది

1964 ఏప్రిల్‌లో ఐబీఎం సిస్టమ్/360 కంప్యూటర్లను ప్రకటించింది. వాటిని కస్టమర్ దగ్గరే రిపేర్ చేయాలంటే వేగంగా పనిచేసే, చేత్తో మోయగలిగే స్కోప్ కావాలి. ఆ అవసరం కోసమే 1965లో టెక్‌ట్రానిక్స్ 453 వచ్చింది.

బరువు సుమారు 13 కిలోలు. 50 మెగాహెర్ట్జ్, అంటే సెకనుకు 5 కోట్ల సార్లు మారే సిగ్నల్‌ను కూడా చూపిస్తుంది. రెండు ఛానెళ్లు ఉంటాయి కాబట్టి రెండు సిగ్నళ్లను పక్కపక్కన పెట్టి, ఏది ముందు వచ్చిందో ఏది ఆలస్యమైందో చూడొచ్చు. కంప్యూటర్‌లో చాలా లోపాలు ఇలాంటి ఆలస్యాలే మరి!

ఇంకో సౌకర్యం డిలేడ్ స్వీప్. వరసగా వచ్చే బోలెడు పల్సుల్లో మనకు కావాల్సిన ఒక్కదాని దగ్గరకు వెళ్లి, దాన్నే పెద్దగా చూపిస్తుంది. వీడియోను ముందుకు జరిపి, ఒక్క సీన్‌ను జూమ్ చేసినట్టన్నమాట.

అయితే తొలి 453లు పూర్తిగా ట్రాన్సిస్టర్లవి కావు. పిక్చర్ ట్యూబ్ ఎలాగూ ఉంది. సిగ్నల్ లోపలికి వచ్చే చోట కూడా నువిస్టర్ అనే బుల్లి మెటల్ ట్యూబ్ వాడారు. స్కోప్ తాను పరీక్షించే సర్క్యూట్ నుంచి కరెంట్ లాగకూడదు. అప్పటి మామూలు ట్రాన్సిస్టర్లకు అది కష్టం. తర్వాతి రోజుల్లో ఆ పనిని ఎఫ్‌ఈటీలు అందుకున్నాయి.

మీ చేతికి వస్తే.. జాగ్రత్త!

పాత పరికరాలు సేకరించేవాళ్లు ఇప్పటికీ వీటిని వెతుకుతుంటారు. కానీ దొరగ్గానే ప్లగ్ పెట్టేయొద్దు.

* వెనకాల వోల్టేజ్ సెలెక్టర్ చూడండి. అది 115 దగ్గర ఉండగా మన 230 వోల్టులు ఇస్తే కాలిపోతుంది.
* పిక్చర్ ట్యూబ్‌కు మొత్తం 10 వేల వోల్టుల దాకా అందుతుంది. స్విచ్ ఆపి, ప్లగ్ తీసినా కెపాసిటర్లలో చార్జ్ నిలిచి ఉంటుంది. అనుభవం లేకుండా మూత తీయడం ప్రాణాలకే ముప్పు.
* ప్లగ్‌లోని ఎర్త్ పిన్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ తీసేయొద్దు. లోపం ఉంటే బయటి మెటల్ బాడీకే కరెంట్ వస్తుంది.
* దశాబ్దాల పాటు మూలన పడున్న కెపాసిటర్లు పాడై ఉండొచ్చు. తెలిసిన టెక్నీషియన్‌తో ముందు పరీక్ష చేయించండి.

మంచి విషయం ఏంటంటే, వీటి మాన్యువల్స్‌లో పూర్తి సర్క్యూట్ బొమ్మలు, ఎక్కడ ఎంత వోల్టేజ్ ఉండాలో వివరాలు ఇచ్చేవాళ్లు. అందుకే తెలిసినవాళ్ల చేతిలో పడితే దాదాపు అరవై ఏళ్ల తర్వాత కూడా మళ్లీ పనిచేసే అవకాశం ఉంది.