ఇమ్యునోగ్లోబులిన్ చికిత్స – చర్మ దుష్ఫలితాలు

సిరల ద్వారా ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించే చికిత్స (ఐవీఐజీ) వలన కొందరు రోగులకు చర్మంపై దద్దుర్లు, దురద, నీటి పొక్కులు మొదలైనవి కలుగుతాయి. వీటిలో కొన్ని మందు ఎక్కుతుండగానే కనిపిస్తాయి. మరికొన్ని రోగి ఇల్లు చేరిన తరువాత బయటపడతాయి కనుక, వాటికి కారణం ఈ మందేనని తరచుగా గుర్తించరు.

నేపథ్యం

వేలమంది దాతల ప్లాస్మాను కలిపి, శుద్ధిచేసి, అందులోని జి రకం ప్రతిరక్షకాలతో (యాంటీబాడీలతో) ఈ మందును తయారు చేస్తారు. రక్తఫలకికలు (ప్లేట్‌లెట్లు) తగ్గిపోయే వ్యాధి ఉన్న పిల్లలకు ఇది మేలు చేస్తుందని 1981లో స్విట్జర్లాండుకు చెందిన పాల్ ఇంబాక్, ఆయన సహచరులు ప్రకటించారు. ఆ తరువాత దీని వాడకం విస్తరించింది. గులియన్-బారే సిండ్రోమ్ (జీబీఎస్), కవసాకి వ్యాధులలో మొత్తం మోతాదు సాధారణంగా కిలో శరీర బరువుకు 2 గ్రాములు. మొదటిదానిలో దీనిని 5 రోజులకు పంచి ఇస్తారు. రెండవదానిలో ఒకేసారి, 10 నుండి 12 గంటల పాటు ఎక్కిస్తారు.

మందు ఎక్కుతుండగా కలిగేవి

ముఖం ఎర్రబారడం, దురద, దద్దుర్లు వీటిలో ముఖ్యమైనవి. మొదటిసారి మందు తీసుకునేవారిలోను, వేగంగా ఎక్కించినపుడును ఇవి ఎక్కువ. వేగం తగ్గించినా, కొంతసేపు ఆపినా చాలావరకు తగ్గుతాయి. అవసరమైతే యాంటీహిస్టమిన్ మందులు ఇస్తారు. దద్దుర్లతో పాటు ఊపిరి అందకపోవడం, రక్తపోటు పడిపోవడం జరిగితే అది అనాఫిలాక్సిస్ కావచ్చును. ఇది అరుదే అయినా ప్రాణాపాయకరం. మందును వెంటనే ఆపి ఎడ్రినలిన్ ఇవ్వాలి.

ఆలస్యంగా వచ్చే ఎగ్జిమా

మందు మొదలైన ఒకటి రెండు వారాలలో అరచేతులలో, కొన్నిసార్లు అరికాళ్ళలో, సగ్గుబియ్యం గింజలవంటి చిన్న నీటి పొక్కులు విపరీతమైన దురదతో లేస్తాయి. దీనిని పాంఫోలిక్స్ అంటారు. ఇది అక్కడితో ఆగవచ్చు, లేదా ఎర్రని పొలుసుల మచ్చలుగా చేతులకు, కాళ్ళకు, మొండెానికి పాకవచ్చు. ఇంతవరకు నమోదైన రోగులలో నాడీ సంబంధ వ్యాధులకు చికిత్స పొందినవారు, పురుషులు ఎక్కువ. కారణం నిర్ధారణ కాలేదు.

చికిత్స స్టీరాయిడ్ లేపనాలతోనే. తీవ్రమైతే నోటిద్వారా స్టీరాయిడ్లు ఇస్తారు. సాధారణంగా కొన్ని వారాలలో నయమవుతుంది. అయితే తరువాతి మోతాదుతో తిరిగి రావడం, మరింతగా వ్యాపించడం కద్దు. నెలనెలా మందు తీసుకోవలసిన రోగికి ఇది చిన్న విషయం కాదు. మందు తయారీని మార్చడంతో కొందరిలో ఉపశమనం కనిపించింది.

ఎగ్జిమాను తెలుగులో తామర అంటారు. కానీ వాడుకలో శిలీంధ్రాల వలన వచ్చే గుండ్రని మచ్చలను కూడా తామర అనే పిలుస్తారు. ఆ తామరకు అమ్మే లేపనాలు దీనికి పనిచేయవు.

పొరబడే అవకాశం

కవసాకి వ్యాధిలో జ్వరం మొదలైన రెండు మూడు వారాలకు పిల్లల గోళ్ళ చుట్టూ చర్మం పొరలుగా ఊడుతుంది. అప్పటికి ఐవీఐజీ ఇచ్చి ఉంటారు కనుక తల్లిదండ్రులు దానిని మందు దుష్ఫలితమని భావించవచ్చు. అది వ్యాధి లక్షణమే. పాంఫోలిక్స్‌లో వలె నీటి పొక్కులు అందులో ఉండవు.