తూటా నుండి గాలి పిస్తోలు వరకు

వికారాబాదు నుండి బీదరుకు పోవు రైలుమార్గములో మర్పల్లి ఉన్నది. ఆ బీదరు 15వ శతాబ్దిలో బహమనీ సుల్తానుల రాజధాని. 1472లో బహమనీ మంత్రి మహమూద్ గవాన్ బెల్గాం కోట ముట్టడిలో గోడల క్రింద తుపాకిమందు పేల్పించెనని ఫిరిస్తా చరిత్ర చెప్పుచున్నది. 1795లో నిజాం అలీఖాన్ కొలువులోని ఫ్రెంచి సేనాని రేమాండ్ హైదరాబాదులో ఫిరంగులు పోతపోయు కర్మాగారము నెలకొల్పెను. నేటి గన్‌ఫౌండ్రీ పేటకు ఆ పేరు దానివలననే వచ్చినది.

నాటి మందు సురేకారము, గంధకము, బొగ్గుల మిశ్రమము. అది మండినపుడు సగమునకు పైగా ఘనపదార్థముగా మారి, పొగయై లేచును. మసియై గొట్టమున పేరుకొనును. అందువలన ఒక దెబ్బ వలె మరియొక దెబ్బ పడదు. కోటగోడకు ఇది లోపము కాదు. గురిపందెమునకు పెద్ద లోపము.

1884లో ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు పాల్ వియేల్ నైట్రోసెల్యులోజు నుండి పొగలేని మందు తయారుచేసెను. అప్పటికే ఇత్తడి తూటాలు వాడుకలో ఉన్నవి. కాల్చిన పిదప మిగిలిన ఇత్తడి గొట్టమును పందెగాండ్రు మరల నింపుకొనసాగిరి. దీనికి పొదుపు ఒక కారణము; దెబ్బలన్నియు సమముగా పడవలెనన్నది అంతకన్న ముఖ్యమైన కారణము. మందు తూకము మారినచో గుండు వేగము మారును. వేగము మారినచో గుండు తగులు చోటు మారును. కాని తూకములో పొరపాటు వచ్చినచో పీడనము హద్దు మీరి తుపాకి గొట్టమే పగిలి, చేయి, కన్ను పోవచ్చును. మన దేశములో 1959 ఆయుధ చట్టము ప్రకారము లైసెన్సు లేనిదే తూటాలు తయారుచేయరాదు.

1896లో ఏథెన్సు ఒలింపిక్సులోనే పిస్తోలు పోటీలు జరిగినవి. 1988లో సియోలులో గాలి పిస్తోలు చేరినది. ఇందులో మందు లేదు. సంపీడిత వాయువు 4.5 మి.మీ. సీసపు గుండును నెట్టును. యంత్రము ప్రతి దెబ్బకును దాదాపు ఒకే బలమునిచ్చును. ఇక ముఖ్యముగా దిద్దుకొనవలసినది చేతి లోపమే.

లక్ష్యము 10 మీటర్ల దూరమున ఉండును. నడిమి పది మార్కుల వలయపు వ్యాసము 11.5 మి.మీ. పిస్తోలు ముందరి సైటుకు, వెనుక సైటుకు నడుమ 30 సెం.మీ. దూరమున్నదనుకొందము. చేయి మొత్తము కోణము మారకుండ 3 మి.మీ. ప్రక్కకు జరిగినచో గుండు కూడ 3 మి.మీ.యే జరుగును, పది మార్కులు పోవు. కాని ఒక సైటు మాత్రము 0.3 మి.మీ. తప్పినచో, సమరూప త్రిభుజముల సూత్రము వలన, గుండు 10 మి.మీ. తప్పి తొమ్మిదిలో పడును. కనుకనే క్రొత్తగా నేర్చువానికి లక్ష్యము కన్న సైట్ల వరుసను చూడుమనియు, మీటను కుదుపక మెల్లగా నొక్కుమనియు చెప్పుదురు.

2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో హైదరాబాదు బాలిక ఈషా సింగ్ 10 మీటర్ల గాలి పిస్తోలులో రజతమును, 25 మీటర్ల పిస్తోలు జట్టు పోటీలో స్వర్ణమును గెలుచుకొనెను.

ఈ లెక్కను పరీక్షించుటకు పిస్తోలు అక్కరలేదు. మర్పల్లి బడిలోనైనను 30 సెం.మీ. స్కేలు, 10 మీటర్ల దారము చాలును. స్కేలు ఒక కొనను కదలనీయక రెండవ కొనను 1 మి.మీ. జరిపి, దారమును దాని వెంబడి సూటిగా గోడ వరకు లాగి చూడుడు. గోడపై గుర్తు దాదాపు 33 మి.మీ. జరిగియుండును.