కిటికీ మారితే గాలి మారుతుంది

హైదరాబాద్‌లో పంజాగుట్ట నుంచి ఖైరతాబాద్ వెళ్లే దారిలో గుట్ట మీద ఒక పాత మహల్ ఉంది. పేరు ఇర్రం మంజిల్. నిజాం కొలువులో మంత్రిగా పనిచేసిన నవాబ్ ఫక్రుల్ ముల్క్ 19వ శతాబ్దం చివరి భాగంలో కట్టించుకున్న నివాసం అది. ఆ గుట్టను అప్పట్లో ఎర్రగడ్డ అనేవారని, పర్షియన్ చదువుకున్న పెద్దలకు అది ఇర్రం మంజిల్, చుట్టుపక్కల తెలుగువారికి ఎర్రగడ్డ మంజిల్ అయిందని చెబుతారు. 150కి పైగా గదులు, ఎత్తైన కప్పులు, ఐరోపా బరోక్ పద్ధతిలో సున్నపు నగిషీలు. నవాబుగారి కాలం పోయాక దానిలోకి ప్రభుత్వ దస్త్రాలు వచ్చాయి, ఆ తర్వాత ఇంజినీర్ల కార్యాలయాలు వచ్చాయి.

2019లో ఈ మహల్ పేరు రాష్ట్రమంతా వినిపించింది. దాన్ని పడగొట్టి ఆ స్థలంలో కొత్త శాసనసభ భవనం కట్టాలని మంత్రివర్గం నిర్ణయించింది. జూన్ 27న శంకుస్థాపన కూడా జరిగింది. నగర చరిత్ర మీద మక్కువ ఉన్నవారు కోర్టుకెక్కారు. సెప్టెంబర్ 16న హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. మహల్ నిలిచింది.

ఒక మహల్‌కు ముప్పు వస్తే పత్రికలు రాస్తాయి, న్యాయస్థానాలు వింటాయి. అదే గుట్ట నుంచి కొద్ది దూరంలో అమీర్‌పేట, ఎస్సార్ నగర్, వెంగళరావు నగర్, ఇప్పటి ఎర్రగడ్డ వీధుల్లో మామూలు ఇళ్లు ఒక్కో తలుపూ ఒక్కో కిటికీ చొప్పున మారిపోతున్నాయి. ఆ మార్పును ఎవరూ నమోదు చేయడం లేదు. ఇంట్లో మనం పీల్చే గాలి, చూసే వెలుతురు, ఎండాకాలం పడే ఉక్కపోత అన్నీ వాటిమీదే ఆధారపడి ఉన్నా, తలుపులూ కిటికీలూ మార్చడాన్ని రంగులు వేయించడంతో సమానంగా చూస్తున్నాం. అది అంత చిన్న పని కాదని ఈ ప్రాంతపు చరిత్రే చెబుతుంది.

రెండో మహల్ సంగతి

ఇర్రం మంజిల్ స్టేషన్‌లో మియాపూర్ వైపు మెట్రో ఎక్కితే పంజాగుట్ట, అమీర్‌పేట, ఎస్సార్ నగర్, ఈఎస్ఐ ఆసుపత్రి దాటాక ఎర్రగడ్డ వస్తుంది. ఇక్కడి ఛాతీ ఆసుపత్రి ఆవరణలో ఇర్రం నుమా అనే మరో పాత భవనం ఉంది. ఫక్రుల్ ముల్క్ పేరుతోనే ముడిపడిన ఈ కట్టడం తర్వాతి కాలంలో క్షయరోగుల వైద్యానికి నెలవైంది. 2015లో ఆసుపత్రిని వికారాబాద్ దగ్గరి అనంతగిరికి తరలించి, ఈ స్థలంలో సచివాలయం కట్టాలన్న ప్రతిపాదన వచ్చింది. పెద్ద ఎత్తున వ్యతిరేకత రావడంతో అది సాగలేదు.

క్షయ వైద్యానికీ కిటికీలకూ దగ్గరి చుట్టరికం ఉంది. స్ట్రెప్టోమైసిన్ మందును 1943లో కనుగొన్నారు. అంతకుముందు క్షయరోగికి వైద్యులు రాయగలిగిన మందు మంచి తిండి, విశ్రాంతి, ధారాళమైన గాలి. అందుకే ప్రపంచమంతటా క్షయ ఆసుపత్రులను పొడుగాటి వరండాలతో, నిలువెత్తు కిటికీలతో, గాలి ఆడే కొండల మీద కట్టారు. మందులు వచ్చాక ఆ కిటికీలు పాతకాలపు అలంకారాల్లా కనబడసాగాయి.

అవి అలంకారాలు కావని 2007లో ప్రచురితమైన, పెరూ రాజధాని లిమాలో జరిగిన పరిశోధన తేల్చింది. అక్కడి ఆసుపత్రుల్లో గదిలోని గాలి గంటకు ఎన్నిసార్లు మారుతుందో శాస్త్రవేత్తలు కొలిచారు. 1950కి ముందు కట్టిన, ఎత్తైన కప్పులూ పెద్ద కిటికీలూ ఉన్న ఆసుపత్రుల్లో కిటికీలు తెరిచి ఉంచితే గంటకు 40 సార్లు మారింది. 1970 తర్వాత కట్టిన వాటిలో 17 సార్లే. యంత్రాలతో గాలి పంపే గదుల్లో 12 సార్లు. అదే వరుసలో, చికిత్స అందని క్షయరోగులతో ఒక రోజు గడిపిన వ్యక్తికి ఆ జబ్బు సోకే అవకాశాన్ని లెక్కగడితే పాత ఆసుపత్రుల్లో 11 శాతం, కొత్తవాటిలో 33 శాతం, యంత్రాల గాలి గదుల్లో 39 శాతం వచ్చింది. రెండేళ్ల తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆసుపత్రుల్లో సహజమైన గాలి రాకపోకల మీద మార్గదర్శకాలే వెలువరించింది.

పాతకాలపు మేస్త్రీలకు ఈ అంకెలు తెలియవు. పని తెలుసు. వేడెక్కిన గాలి తేలికై పైకి పోతుంది కాబట్టి కప్పు కింద గాలి పోయే చిన్న కిటికీ, అంటే రోషన్‌దాన్ పెట్టారు. ఒక గోడకు కిటికీ ఉంటే ఎదుటి గోడకూ ఒకటి పెట్టారు. వచ్చిన గాలికి పోయే దారి లేకపోతే రానే రాదు. మన తాతల ఇళ్లలో వీధి గుమ్మంలో నిలబడితే పెరటి గుమ్మం సూటిగా కనబడేది అందుకే.

టేకు నడిచి వచ్చిన దారి

ఈ తలుపులకూ కిటికీలకూ కలప ఎక్కడిదన్నది మరో కథ. ఆదిలాబాద్ అడవుల టేకు, ఓరుగల్లు వైపు టేకు నగరానికి ఎప్పటినుంచో వచ్చేవి. 1929లో కాజీపేట – బల్లార్షా రైలు మార్గం పూర్తయ్యాక చంద్రాపూర్ అడవుల కలపకు దారి దగ్గరైంది. ఈనాటికీ నగరంలో వడ్రంగి ‘బల్లార్షా టేకు’ అన్నాడంటే అది నాణ్యతకు హామీ ఇవ్వడమే. టేకు చేవలో సహజంగా ఉండే నూనె చెదను దగ్గరికి రానివ్వదు. వానకు ఉబ్బడం, ఎండకు బిగుసుకోవడం మిగతా కలపల కంటే తక్కువ. అందుకే డబ్బు చాలనివారు కూడా వీధి దర్వాజకు మాత్రం టేకు కావాలని పట్టుబట్టేవారు.

దర్వాజ నిలబెట్టడం మన ఇళ్లలో ఒక శుభకార్యం. గడపకు పసుపు రాసి, బొట్టు పెట్టి, మామిడాకులు కట్టి, కింద నవధాన్యాలు వేసి, ఆడబిడ్డలను పిలిచి బట్టలు పెడతారు. గోడకు లేని మర్యాద గుమ్మానికి ఉంది. ఇల్లు పడగొట్టినా ఆ దర్వాజను అమ్మడానికి మనసొప్పక, కొత్త ఇంటి పూజగదికి బిగించుకున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి.

మరి టేకు ఎందుకు దూరమైంది? 1996 డిసెంబర్ 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలతో దేశమంతటా అడవుల నరికివేతకు కళ్లెం పడింది. అనుమతి లేని కోత మిల్లులు మూతపడ్డాయి. అడవికి అది మేలే చేసింది. దేశవాళీ టేకు అరుదై, బర్మా టేకు మీద ఆధారపడటం పెరిగింది. 2014 ఏప్రిల్ 1 నుంచి మయన్మార్ దుంగల ఎగుమతిని ఆపేసింది. ఇప్పుడు టేకు పేరుతో దొరికేదానిలో చాలాభాగం ఆఫ్రికా, దక్షిణ అమెరికా తోటల్లో తొందరగా పెంచి కోసినది. నిదానంగా ముదిరిన అడవి చెట్టులోని చేవ దానిలో అంతగా ఉండదు. ధర మాత్రం ఆకాశంలో ఉంది. ఈ ఖాళీలోకి ముందు అల్యూమినియం, తర్వాత యూపీవీసీ అనే గట్టి ప్లాస్టిక్ వచ్చాయి.

యూపీవీసీని తప్పుపట్టాల్సిన పని లేదు. చెద పట్టదు, రంగు అడగదు. రబ్బరు అంచులు, రెండు పొరల అద్దం ఉంటే పంజాగుట్ట కూడలిలాంటి చోట హోరునూ దుమ్మునూ బాగా ఆపుతుంది. రోడ్డు పక్క ఇంట్లో పసిబిడ్డ నిద్రపోవాలంటే ఆ కిటికీ వరమే. సమస్య అది తెరుచుకునే తీరులో ఉంది.

సగం మూసిన కిటికీ

పాత చెక్క కిటికీకి రెండు రెక్కలు. రెండూ తెరిస్తే చౌకట్ మొత్తం గాలికి దారి. ఇప్పుడు ఎక్కువమంది పెట్టిస్తున్నది పక్కకు జరిపే స్లైడింగ్ కిటికీ. ఒక పలక రెండోదాని వెనక్కి జరుగుతుంది కాబట్టి ఎంత తెరిచినా సగమే తెరుచుకుంటుంది. దానికి తోడు పైనున్న రోషన్‌దాన్‌ను ఏసీ కోసం ఇటుకతో మూసేస్తున్నారు.

లెక్క వేసి చూద్దాం. ఇళ్లలో విద్యుత్ ఆదా కోసం కేంద్రం 2018లో తెచ్చిన ‘ఎకో నివాస్ సంహిత’ ప్రకారం హైదరాబాద్ లాంటి మిశ్రమ వాతావరణంలో, నేల వైశాల్యంలో కనీసం 12.5 శాతం మేర తెరుచుకునే ఖాళీ ఉండాలి. ఇంటి మొత్తానికి వేసే ఈ లెక్కను ఒక్క గదికి అన్వయిస్తే, పన్నెండడుగులకు పదడుగుల గదికి 15 చదరపు అడుగులు కావాలి. నాలుగడుగుల చదరపు కిటికీకి రెక్కలు ఉంటే 16 చదరపు అడుగులు దొరుకుతాయి. అదే చౌకట్‌లో స్లైడింగ్ పెడితే ఎనిమిదే. గోడ మారలేదు, కిటికీ కొలత మారలేదు, గది గాలి మాత్రం సగమైంది. ఆ లోటును పూడ్చడానికి ఏసీ వేస్తాం. ఏసీ గదిలోని గాలిని చల్లబరుస్తుందే గానీ, మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. కరెంటు బిల్లు పెరుగుతుంది, గాలి పాతదే ఉంటుంది.

యూపీవీసీలోనూ రెక్కలు తెరిచే రకం ఉంది. ధర కొంత ఎక్కువ. కానీ ఇంటికి రెండు మూడు దశాబ్దాలు ఉండాల్సిన వస్తువు విషయంలో ఆ తేడా వృథా కాదు. ఎదురెదురు గోడల్లో ఒక్కో కిటికీకైనా అది పెట్టించుకోవాలి. రోషన్‌దాన్‌ను మూయకుండా తెరిచి మూసే అద్దం బిగించుకోవచ్చు.

మార్చే ముందు

మార్చడానికి ముందు బాగుచేయగలమా అని చూడటం అసలైన పొదుపు. పాత టేకు తలుపు సాధారణంగా మొత్తం పాడవదు. దర్వాజ కాళ్లు నేలను తాకేచోట, వాన జల్లు కొట్టే కింది కమ్మి దగ్గర పుచ్చుతుంది. మంచి వడ్రంగి ఆ జానెడు ముక్కను కోసి, అదే కలప అతికించి, మిగిలిన తలుపును ఇంకో తరానికి నిలబెడతాడు. తలుపు కిందికి జారితే చాలాసార్లు తప్పు కబ్జాలది, మరలది. వానాకాలంలో తలుపు బిగిసిందని వెంటనే చిత్రిక పట్టించకూడదు. ఎండలు రాగానే చెక్క తగ్గి, సందు మిగిలిపోతుంది. నిజంగా మార్చాల్సి వస్తే పాత టేకును తూకానికి అమ్మేయకూడదు. అలాంటి చేవ ఉన్న కలప ఇవాళ డబ్బు పెట్టినా దొరకడం కష్టం.

1995లో హైదరాబాద్ వారసత్వ భవనాల కోసం తెచ్చిన నిబంధన వాటికి మరమ్మతులు చేయాలన్నా, మార్పులు చేయాలన్నా, రంగు వేయాలన్నా ముందే అనుమతి తీసుకోవాలంది. 2015లో దాన్ని ఎత్తేశారు. మన ఇళ్లకు అంతటి నియమం అక్కర్లేదు. కిటికీలు బిగించే వ్యక్తి కొలతలు తీసుకోవడానికి వచ్చినప్పుడు రంగు, ధర, అద్దం మందం అడుగుతున్నట్టే ఇంకొక్క ప్రశ్న అడిగితే చాలు: ఇది పూర్తిగా తెరిస్తే ఎన్ని చదరపు అడుగుల ఖాళీ దొరుకుతుంది? పాత కిటికీ కంటే తక్కువైతే ఆ కొటేషన్ ఎంత చవకదైనా ఒప్పుకోవద్దు. కలప మారొచ్చు, అద్దం మారొచ్చు, నమూనా మారొచ్చు. ఇంటికి ఇంతకాలం అందుతున్న గాలిని మాత్రం తగ్గనివ్వకూడదు.