గాజుసీసాలో మొలిచిన చరిత్ర

ఉప్పల్, నాచారం ఇళ్ళ వరండాల్లో పచ్చగా ఉన్న ఫెర్న్ కుండీ కనిపిస్తే ఆ ఇల్లాలి ఓపికకు మనసులోనే నమస్కారం పెట్టాలి. ఒకప్రక్క పారిశ్రామికవాడ దుమ్మూ పొగా, మరోప్రక్క నలభై డిగ్రీలు దాటే మే నెల ఎండ. పువ్వూ కాయా ఎరగని ఆ సుకుమారికేమో నీడ కావాలి, తడిగాలి కావాలి. వారం తిరక్కుండానే ఆకుల అంచులు మాడిపోతే, "నా చెయ్యి మంచిది కాదు" అని నొచ్చుకునేవాళ్ళున్నారు. నొచ్చుకోకండి. ఈ కష్టం దాదాపు రెండువందల ఏళ్ళ నాటిది!

తూర్పు లండన్‌లో నెథేనియల్ వార్డ్ అనే డాక్టరుగారుండేవారు. ఫెర్నులంటే ప్రాణం. పెరట్లో రాళ్ళు పేర్చి ఎంత ముచ్చటగా నాటినా, చుట్టుపక్కల ఫ్యాక్టరీల పొగకు చచ్చిపోయేవి. 1829లో ఆయన ఒక రెక్కలపురుగు ఎలా బయటికొస్తుందో చూద్దామని, దాని గూటిని తడిమట్టితో సహా గాజుసీసాలో పెట్టి మూత బిగించారు. ఆ మట్టిలోంచి ఒక ఫెర్నూ, ఒక గడ్డిమొక్కా మొలిచాయి! పగలు ఆవిరైన తడి గాజుకు పట్టి, మళ్ళీ మట్టిలోకే జారేది. చుక్క నీరు పొయ్యకుండానే దాదాపు నాలుగేళ్ళు బతికాయి. చివరికి మూత తుప్పుపట్టి పాడైతేనే చచ్చిపోయాయి.

సీసా కాస్తా గాజుపెట్టె అయింది. 1833లో అలాంటి పెట్టెల్లో ఓడెక్కిన మొక్కలు నెలల తరబడి ప్రయాణించి సిడ్నీలో పచ్చగా దిగాయి. 1848లో చైనా వెళ్ళిన రాబర్ట్ ఫార్చ్యూన్ తేయాకు మొక్కల్ని హిమాలయ సానువులకు పంపిందీ ఆ పెట్టెల్లోనే. మన టీ తోటల కథలో ఒక ఫెర్న్ కూడా ఉందన్నమాట!

ఆ తరువాత ఇంగ్లండు ఆడవాళ్ళకు ఫెర్న్ పిచ్చి పట్టుకుంది. 1855లో చార్లెస్ కింగ్‌స్లీ దానికి 'టెరిడోమేనియా' అని పేరుపెట్టి నవ్వుతూనే, నవలలకంటే, ఊసుపోక కబుర్లకంటే అదే మేలన్నాడు. నవలలు రాసే నాకు ఆ మాట కాస్త గుచ్చుకున్నా, ఇంటిపట్టున ఉండవలసిన ఆ అమ్మాయిలకు కొండలూ వాగులూ తిరిగే అవకాశం దొరికిందంటే సంతోషమే. కాని ఆ మోజుకు బలైంది ఫెర్నే. కిలార్నీ ఫెర్న్‌నైతే తవ్వి తవ్వి, చాలాచోట్ల కనుమరుగు చేశారు.

అందుకని మొక్క కొనేముందు నర్సరీలో పెంచిందా, అడవిలో పీకిందా అని ఒక్కమాట అడగండి. మనకు గాజుపెట్టె అక్కర్లేదు, డాక్టరుగారి కిటుకు చాలు. తడిని పోనివ్వకూడదు, అంతే. ఎండ తగలని ఉత్తరపు వరండాలో నాలుగు కుండీలూ దగ్గరదగ్గరగా చేర్చి, మట్టిలో కొబ్బరిపీచు కలిపి, కింద గులకరాళ్ళ పళ్ళెంలో నీళ్ళుంచండి.

ఆకు వెనక వరసగా గోధుమరంగు చుక్కలు కనిపిస్తే తెగులనుకుని మందు కొట్టేరు! అందులోని పొడే దానికి విత్తనం. డాక్టరుగారి సీసాలో మొలిచిందీ అలాంటి పొడే.