పర్దా కింద తబలా

మూకీ సినిమాల సప్పుడు లేకుండె అని ఎవరన్న చెప్తే నమ్మకుండ్రి. సప్పుడు లేనిది బొమ్మకు. హాలు నిండ మస్తు సప్పుడుండె. పేటి వాయించెటోడు, తబలా కొట్టెటోడు, ఫిడేలోడు, పక్కకు నిలవడి కథ చెప్పెటోడు, ఈళ్లందరి మీదికెళ్లి ఈలలు కొట్టే జనం. ఇగ దాంట్ల మూగది ఏడుంది?

ఆ మొద్దు జర లోపలికి నూకు బిడ్డా. అనంతగిరి చలికి గింత మంట సాలది.

మా పెద్దనాయిన తబలా కొట్టెటోడు. ఎవరి దగ్గరనో పైసలిచ్చి నేర్సుకున్నది గాదు, ఈ గుట్ట మీద అనంత పద్మనాభ సామి గుళ్ల భజనల కూసోని నేర్సుకున్నదే. అప్పట్ల వికారాబాద్ పాయెగా నవాబుల జాగీరు. వికారుల్ ఉమ్రా పేరు మీదనే ఊరికి ఆ పేరొచ్చింది. రైలు మాత్రం మనకు జల్దినే వచ్చింది. 1874ల వాడి నుంచి సికింద్రాబాద్ దాక పట్టాలు పడ్డయి. తాండూరు, వికారాబాద్ రెండూ ఆ తొవ్వల్నే. మూసీ ఈ గుట్టల్ల పుట్టి పట్నం దిక్కు పోతది. మా పెద్దనాయిన గూడ పట్నమే పోయిండు. మూసీ వంకలు తిరుక్కుంట పోతది, ఈయన రైలెక్కిండు, గంతే ఫరక్.

పోయింది కూలి పనికి, దొరికింది సినిమా హాలు. 1920ల సంగతి ఇది. ఎవరో చెప్తే పోయి తబలా ముంగట కూసున్నడు. హాలాయన ఇన్నడో ఇనలేదో గని, పేటి వాయించే ఉస్తాద్ ఇని, రేపటి సంది రా అన్నడంట.

పని ఎట్లుండెనో చెప్త ఇనుండ్రి. పర్దా ముంగట, నేల టికెట్టోళ్ల కంటె ముందల, ఒక మూలకు చాప ఏస్తుండ్రి. ఉస్తాద్ నడుమ, ఇటు తబలా, అటు ఫిడేలు. దీపం పెట్టుకుందామంటె లేదు, ఎలుగు పడితే బొమ్మ మాసిపోతది. సినిమా బొంబాయి నుంచి రేకు డబ్బాలల్ల రైలు మీద వస్తుండె. పగటీలి డబ్బా దిగితే మాపటికి ఆట. ముందుగాల ఒక్కపారి సూద్దామంటె ఎవడు సూపెడ్తడు? జనం ఎప్పుడు సూస్తరో వాయించెటోడు గూడ గప్పుడే సూస్తడు. మెడ పైకెత్తి, కండ్లు పర్దా మీద, చేతులు తబలా మీద. బొమ్మల పిలగాడు తలుపు తీస్తడు. అవుతల ఉన్నది పిల్లనా, పులినా? పిల్ల అనుకోని పహాడీ ఎత్తుకుంటే పులి దుంకె, హాలంత నవ్వె.

దానికి ఉస్తాద్ ఒక ఇకమతు చెప్పిండంట. సంగతి తేలేదాక ఒక్క షడ్జం పట్టి ఉంచుడు. తబలా మీద ఏలితోటి సన్నగ దరువు. జనానికి లోపట గుబులు పుడ్తది, వాయించెటోనికి ఆలోచన చేసెతందుకు యాళ్ల దొరుకుతది. పిల్ల అని తేలినంక తీరుబడిగ రాగంలకు దిగొచ్చు. ఇప్పటి దయ్యాల సినిమాలల్ల తలుపు తీసే ముందు ఒక్క సురం గుయ్యిమని సాగుతది సూసిండ్రా? అది మా ఉస్తాద్ కాన్నుంచే పోయిందని నేనంట గని, నా మాట ఎవడింటడు.

రెండో దినానికి బొమ్మ అంత నోటికొస్తది. మూడో దినానికి ఈళ్ల వాయింపే వేరు. అందుకని తెలిసినోళ్లు మొదటి దినం బొమ్మ సూసెతందుకు పోతుండ్రి, మూడో దినం ఇనెతందుకు పోతుండ్రి. ఏడుపుకు జోగియా, తెల్లారగట్ల గుడి కనవడితే భైరవ్, పిల్లా పిలగాడు తోటల ఉంటే పహాడీ. గుర్రాలు ఉరికితే అది నిఖార్సుగ తబలా పని. ఉరుములకు పెద్ద రేకు పట్టుకోని ఊపెటోడు ఒక పోరడుంటుండె. నిద్రవోయి లేసి పెండ్లి సీన్ల ఉరిమిచ్చిండు ఒకపారి.

మిషిను తిప్పెటోనితోటి వేరే తకరారు. చాన జాగలల్ల మోటరు లేదు, చెయ్యితోటి తిప్పుడే. సెకనుకు 16 బొమ్మలు పోవాలె అని లెక్క. ఆ లెక్కన 1000 అడుగుల రీలు 16, 17 నిమిషాలు నడుస్తది. గని రెండో ఆట అయినంక ఆయన గూడ ఇంటికి పోవాలె గద. జోరుగ తిప్పుతడు. పర్దా మీద ముసలవ్వ గూడ ఉరుకుతది. ఇగ తబలా ఉరకక ఏం జేస్తది? విలంబిత్‌ల మొదలైన ఏడుపు దురిత్‌ల అయిపోతుండె. ఒక్కటే మిషినున్న హాల్ల రీలు రీలుకు ఆపి కొత్తది ఎక్కియ్యాలె. దీపాలు ఎలుగుతయి. జనం లేసి బయటికి పోకుండ ఆపేది ఈ చాప మీదోళ్లే. ‘బొమ్మ నడిచినంత సేపు మేము దానికి నౌకర్లం, రీలు మార్చేటప్పుడు మేమే మాలిక్లం’ అంటుండె పెద్దనాయిన. ఆ నాలుగు నిమిషాలల్ల ఠుమ్రీ ఎత్తుకుంటే, రీలు ఎక్కినంక గూడ ‘ఆగు, బొమ్మ తర్వాత ఎయ్యి’ అని నేల మీదికెళ్లి అరుస్తుండ్రంట.

ఇగ చదివి చెప్పెటోడు. బొమ్మ నడుమ నడుమ రాత వస్తది, ఉర్దూల ఒకటి, ఇంగ్రేజీల ఒకటి. నేల మీద కూసున్నోళ్లల్ల చదువొచ్చినోళ్లు ఎందరు? అందుకని ఒకాయన పక్కకు నిలవడి గట్టిగ చెప్తుండె. రాసింది రెండు ముక్కలుంటే ఈయన చెప్పేది పది ముక్కలు. జపాన్ల గిట్ల చెప్పెటోళ్లను బెన్షీలంటరు. అక్కడ వాళ్లకెంత పేరంటే, యాక్టరు ఎవరని గాదు, ఇయ్యాల బెన్షీ ఎవరని అడిగి టికెటు కొనెటోళ్లుండిరి. అమెరికాల పెద్ద పెద్ద హాళ్లల్ల ఆర్గన్ బాజాలు కట్టిచ్చిండ్రు. ఏ సీనుకు ఏం వాయించాలెనో రాసిన కాయితం సినిమాతోటే పంపుతుండ్రి. మన చాపకు కాయితం గీయితం ఏం రాలేదు.

రాకున్న నడిచింది. ఎందుకంటే బొమ్మ సూపెట్టి వాయించుడు మనోళ్లకు కొత్త గాదు. పద్మశాలోళ్లకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులోళ్లు ఏం జేస్తరు? మూరల కొద్ది పొడుగున్న పటం గుంజకు ఏలాడదీసి, ఒక్కొక్క బొమ్మను కట్టెతోటి సూపెట్టుకుంట పాడతరు. ముదిరాజోళ్లకు పాండవుల కథ చెప్పే కాకిపడగలోళ్లు గూడ గంతే. చేర్యాల నకాషీలు ఆ పటాలు రాసిచ్చేది. పటంల బొమ్మ కదలది, కథ చెప్పెటోని గొంతు, తాళం కలిసి దాన్ని కదిలిస్తయి. బొంబాయి బొమ్మ తనంతల తాను కదిలింది, గని దానికి గొంతు లేదు. మా పెద్దనాయినకు ఇది పెద్ద ఇచ్చంత్రమేం అనిపియ్యలేదంట. ‘పటం జర పెద్దగుంది, ఉరుకుతున్నది’ అనుకున్నడు, కూసున్నడు.

మద్రాసు దిక్కు సంగతి వేరే. బందరుల పుట్టిన రఘుపతి వెంకయ్య అక్కడ ఫోటోల దుకాణం నడిపిస్తుండె. ఆయన 1910 దరిదాపుల 30 వేల రూపాయలు పోసి ఫ్రాన్సోళ్ల క్రోనోమెగాఫోన్ తెప్పిచ్చిండు. బొమ్మతోటి గ్రామఫోను ప్లేటును జత చేసే మిషిను అది. దాన్ని పట్టుకోని బర్మా, సిలోను దాక తిరిగిండు. 1914ల మద్రాసుల గెయిటీ హాలు కట్టిండు. ఆయన కొడుకు ప్రకాశ్ 1921ల భీష్మ ప్రతిజ్ఞ తీసిండు. తెలుగోళ్లు తీసిన మొదటి సినిమా అని దాన్నే అంటరు. గిప్పుడు సూద్దామంటె దాని ముక్క గూడ లేదు. మన దేశంల మూకీలు తీసినయి 1300 దాక ఉంటే మిగిలినయి శానా కొద్దిగనే. ఆ రీళ్లు నైట్రేటువి, నిప్పు తగిలితే బగ్గుమంటయి, తగలకున్న ఉట్టిగనే పాడైతయి.

మన పట్నంల గూడ సినిమాలు తీసిండ్రు, ఎరుకనా? ధీరేన్ గంగూలీ అని బెంగాలాయన. నిజాం బొమ్మలేసే బడికి పెద్దపంతులుగ వచ్చిండు. 1922ల లోటస్ ఫిలిం కంపెనీ పెట్టి ఎన్నో మూకీలు తీసిండు, సొంత హాళ్లు గూడ నడిపిచ్చిండు. 1924ల రజియా బేగం అనే బొమ్మ ఆడిచ్చిండు. దాంట్ల తురక రాణి హిందువుల పిలగాన్ని ఇష్టపడ్తది. నిజాముకు కోపం వచ్చి, 24 గంటల్ల రాజ్యం ఇడిసి పొమ్మన్నడని చెప్తరు. కంపెనీ బందయ్యె. ఉండనిచ్చుంటే పట్నం అప్పుడే బొంబాయి, కలకత్తాల సరసకు పోతుండె అని నాకనిపిస్తది.

పెద్దనాయినకు రాజు ఎవరు, కోపం ఎవరికి అన్నది పట్టదు. ఆయన ముచ్చటంత లంకా దహన్ గురించి. ఫాల్కే 1917ల తీసిన బొమ్మ అది, ఏండ్ల తరబడి తిరిగి తిరిగి వస్తుండె. దాంట్ల సాళుంకే అనేటాయన రాముడు ఆయనే, సీతమ్మా ఆయనే. అప్పట్ల సినిమాలల్ల ఏషం కట్టెతందుకు ఆడోళ్లు శానావరకు రాకపోతుండ్రి. ఈ సాళుంకే అంతకుముందు హోటల్ల వంట చేసెటోడు. ఇగ నేల టికెట్టోళ్లకు తిప్పలు గద, ఒక్కటే మొకం, ఇప్పుడొచ్చింది అయ్యనా అమ్మనా? ఆ తిప్పల తీర్చింది పేటినే. రాముడొస్తే ఒక వరుస, సీతమ్మొస్తే ఒక వరుస. చీర కనవడక ముందే సురం ఇని దండం పెట్టుకుంటుండ్రంట ఆడోళ్లు. సినిమా తీసినోడు అనుకోని పని అది. ఇంకో ఊర్ల ఇంకో పేటాయన ఇంకో వరుస పెట్టుంటడు. ఒక్కటే బొమ్మ, ఊరికొక తీరు సీతమ్మ.

1931 మార్చి 14న బొంబాయిల ఆలం ఆరా వచ్చింది. మరుసటేడు ఫిబ్రవరి 6న హెచ్.ఎం.రెడ్డి తీసిన తెలుగు భక్త ప్రహ్లాద. సురభి కమలాబాయి లీలావతి ఏషం కట్టింది. బొమ్మకు గొంతొచ్చింది, చాప చుట్టేసిండ్రు. ఒక్క దినంల గాదు, మాటలు పలికే మిషిను ఖరీదు గద, ఒక్కొక్క హాలు మారెటాళ్లకు జర టైం పట్టింది. గట్టోళ్లు సినిమా కంపెనీలల్లకే పోయిండ్రు. కలకత్తల పంకజ్ మల్లిక్ మూకీలకు మేళం నడిపిచ్చినోడే. నౌషాద్ లక్నోల చిన్న పోరడప్పుడు మూకీ హాల్ల వాయించేది ఇనుకుంటనే పాటల పిచ్చిల పడ్డడు. మా ఉస్తాద్ ఎటు పోయిండో పెద్దనాయిన ఎన్నడూ చెప్పలే, అడిగితే తంబాకు తీసి నోట్లేసుకుంటుండె. ఆయన మాత్రం రైలెక్కి వికారాబాద్‌ల దిగి మల్ల గుట్ట మీద భజనలకే వచ్చిండు.

వచ్చే ముందు టికెటు కొని కుర్సీల కూసోని ఒక టాకీ సూసిండు. ఎట్లుండె పెద్దనాయినా అని అడిగిన. ‘అన్ని ఏండ్లు కిందికెళ్లి సూసిన, అందరివీ గదువలు, ముక్కు పొక్కలే కనవడుతుండె. సక్కగ సూస్తే గింత మంచిగుంటరని అప్పుడే తెలిసింది’ అన్నడు. పాటల సంగతేంది అంటే, ‘పాట మంచిగనే ఉంది, గని రెండో దినం పోయినా గదే పాడింది’ అన్నడు.

2017 నవంబర్ల షిరాజ్ అనే మూకీని హైదరాబాద్‌ల ఆడిచ్చిండ్రు, యాదికుందా? తాజ్‌మహల్ కథ, 1928ల తీసింది. అనౌష్కా శంకర్ దానికి కొత్తగ సంగీతం కట్టి, పర్దా ముంగట మేళంతోటి కూసోని వాయించింది. మా మనుమడు పోయొచ్చి తాతా తాతా అని ఒకటే చెప్పుడు. మంచి పనే. పాత బొమ్మను సాఫ్ చేసి, పెద్ద పెద్దోళ్లు కూసోని వాయించుడు మామూలు సంగతి గాదు. గని వాళ్లు నెలల తరబడి సూసి, రాసుకోని, సాధన చేసి వచ్చినోళ్లు. తలుపు అవుతల ఏముందో వాళ్లకెరుకే.

నువ్వు డోలక్ నేర్సుకుంటున్న అన్నవు గద బిడ్డా? ఫాల్కే రాజా హరిశ్చంద్ర సెల్‌ల దొరుకుతది. నాలుగు రీళ్ల బొమ్మల మొదటిది, ఆఖరిది మిగిలినయి. రేపు మాపటీలి గోడకు తెల్లబట్ట కడ్దాం, ఆ బొమ్మ పెద్దగ పడే డబ్బ మీ దోస్తు దగ్గర ఉందన్నవు, తెమ్మను. సప్పుడు బంజెయ్యుండ్రి. పేటి నేను పడ్త, రేకు ఊపేది గీ చిన్నోడు. ఒక్కటే షరతు. ఇయ్యాల రాత్రి సెల్‌ల దొంగతనంగ సూసొచ్చినోన్ని చాప మీద కూసోనియ్య.