ఏడు కుక్కల కథ ఎవరిది?

మా అవ్వ ఒక కథ చెప్తా ఉండేది. కంగుంది వేడర్లు, అంటే వేటగాళ్లు, కంచిలోని కారైకాట్టు వెళ్లాళ్లను పిల్లనడిగారంట. వాళ్లు చీదరించుకుంటే, ఏడుగురు ఆడపిల్లల్ని ఎత్తుకుపోయారు. వెతకను ఏడుగురు మగాళ్లు ఏడు కుక్కలతో బయల్దేరారు. "కుక్కలు మాత్రమే తిరిగొస్తే మేము పోయినట్టే, కర్మ చేసేయండి" అని పెండ్లాలకు చెప్పారు. పాలారు పొంగి పారతా ఉంది. మనుషులు ఎట్లో దాటారు. కుక్కలు సగం ఈది వెనక్కి మళ్లినాయి. ఇంట్లో కర్మ జరిగిపోయింది. వేడర్లను చంపి తిరిగొచ్చిన ఆ ఏడుగురినీ ఊరు చేర్చుకోలేదు. వేడర్ల ఆడవాళ్లనే పెండ్లి చేసుకుని, జవ్వాదు కొండలెక్కి సేద్యం చేసుకున్నారు.

మా పెద్దలు కుప్పం వైపు నుంచి తిరుపత్తూరు వచ్చినోళ్లు. కంగుంది కుప్పం పక్కనే. ఆ ఒక్క పేరు చూసుకుని, దీన్ని మా వంశం కథ అని కుటుంబ చరిత్రలో చేర్చేశాము.

తర్వాత 1909లో వచ్చిన థర్‌స్టన్ పుస్తకంలో ఇదే కథ కనిపించింది, జవ్వాదు మలయాళీల పుట్టుక కథగా. మలయాళీలంటే కేరళవాళ్లు కాదు, తమిళం మాట్లాడే కొండవాళ్లు, షెడ్యూల్డ్ తెగ. చింతపండు, తేనె అమ్మను మా వాకిలికి వచ్చినోళ్ల దగ్గరే అవ్వ ఈ కథ విన్నదని మా పెద్దత్త చెప్పింది. చింతపండుకు దుడ్డు ఇచ్చాము. కథకు వాళ్ల పేరు కూడా ఇయ్యలేదు.

ఆస్ట్రేలియాలో 1966లో కొత్త డాలరు నోటు వచ్చింది. దాని వెనక ఉన్నది ఆదివాసీ చిత్రకారుడు డేవిడ్ మలంగి చెట్టు బెరడుపై వేసిన బొమ్మ, వాళ్ల పూర్వీకుడైన ఒక వేటగాడి అంత్యక్రియలది. ఆయన్ను ఎవరూ అడగలేదు. విషయం బయటపడినాక రిజర్వు బ్యాంకు 1000 డాలర్లు, ఒక పతకం, చేపలు పట్టే సామాను ఇచ్చింది. బొమ్మ నచ్చే నోటు మీద వేశారు. నచ్చినంత మాత్రాన అడిగినట్టు కాదు.

మాకూ ఆ కథ నచ్చింది. నచ్చిన కథను పిల్లలకు చెప్తే తప్పేముంది? చెప్పొచ్చు. అయితే ఇది ఎవరిదో ముందు చెప్పాల. మా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. తప్పు కనిపిస్తే దాచకుండా రాసిపెట్టడం అలవాటు. అందుకే కుటుంబ చరిత్రలో ఆ పేజీని దిద్దాము: "ఇది జవ్వాదు మలయాళీల కథ. మా అవ్వ వాళ్ల నోట విన్నది." ఈసారి ఆలంగాయం మీదుగా కొండెక్కినప్పుడు, వాళ్ల పెద్దల్ని అడిగి వాళ్లు చెప్పే తీరులో వినాలని ఉంది. వాళ్లు చెప్పకపోతే, అదీ వాళ్లిష్టమే.