ఒక ఫైలు, రెండు పేర్లు, బోలెడు బ్యాకప్ తిప్పలు

పాత విండోస్ వాడినవాళ్ళకి ఆ వంకర గీత గుర్తుండే ఉంటుంది. అదేనండీ, టిల్డ. 'ప్రోగ్రామ్ ఫైల్స్' ఫోల్డరు డాస్ ప్రాంప్టులో మొదటి ఆరు అక్షరాలు, ఒక టిల్డ, ఒక అంకెగా మారి కనిపించేది. చూడ్డానికి చిన్న విషయమే. పార్టిషన్ బ్యాకప్ తీసి మళ్ళీ పెట్టేవాళ్ళకి మాత్రం అది చుక్కలు చూపించింది.

పేరుకి 8 అక్షరాలు, ఎక్స్‌టెన్షన్‌కి 3 అనే లెక్క 1970ల నాటి సీపీ/ఎం నుంచి వచ్చింది. 1981లో డాస్ కూడా దాన్నే పట్టుకుంది. ఫ్యాట్ డైరెక్టరీలో ఒక్కో ఎంట్రీ 32 బైట్లు. అందులో పేరుకి 11. ఇంక పెంచడానికి చోటు లేదు.

1995 ఆగస్టు 24న విండోస్ 95 వచ్చింది. పేరు 255 అక్షరాల దాకా పెట్టుకోవచ్చన్నారు. మరి పాత ప్రోగ్రాముల సంగతేంటి? అందుకో గడుసు కిటుకు వేశారు. అసలు ఎంట్రీకి ముందు అదనపు ఎంట్రీలు చేర్చి, ఒక్కోదాంట్లో 13 అక్షరాల చొప్పున పొడుగు పేరుని ముక్కలుగా దాచారు. వాటికి రీడ్-ఓన్లీ, హిడెన్, సిస్టమ్, వాల్యూమ్ లేబుల్ గుర్తులు నాలుగూ ఒకేసారి తగిలించారు. మామూలు ఫైలుకి అలా ఉండవు కాబట్టి డాస్ వాటి జోలికి పోయేది కాదు.

పాత డిస్క్ టూల్స్ అలా ఊరుకోలేదు. వాటికి ఇదంతా పాడైపోయిన డైరెక్టరీలా కనబడేది. రిపేర్ చెయ్యమన్నామా, పొడుగు పేర్లు గోవిందా! డాస్‌లోకి బూట్ అయ్యి ఎక్స్‌కాపీ కొట్టినా పొట్టి పేర్లే మిగిలేవి. అందుకే మైక్రోసాఫ్ట్ విండోస్ 95 సీడీలో ఎల్‌ఎఫ్‌ఎన్‌బీకే అనే టూల్ ఇచ్చింది. అది పొడుగు పేర్లని ఒక ఫైల్లో రాసిపెట్టుకుని, పనయ్యాక తిరిగి అతికించేది. మధ్యలో ఫోల్డర్ల అమరిక మారిందా, ఇంక అతకదు.

అసలు చిక్కు ఇంకోటుంది. పొడుగు పేరు భద్రంగా వచ్చినా పొట్టి పేరు మారిపోవచ్చు. చివరి అంకె ఎవరు ముందు పుట్టారన్న దాన్నిబట్టి వస్తుంది మరి. 'మైక్రోసాఫ్ట్ ఆఫీస్' ముందొచ్చి 1 తీసుకుంది, తర్వాతొచ్చిన 'మైక్రోసాఫ్ట్ గేమ్స్'కి 2 దక్కింది అనుకుందాం. ఇంగ్లీషు అక్షర క్రమంలో రిస్టోర్ చేస్తే గేమ్స్ ముందొచ్చి 1 కొట్టేస్తుంది. రిజిస్ట్రీలో పొట్టి దారి రాసుకున్న ప్రోగ్రాము వెళ్ళి పక్కింటి తలుపు కొడుతుంది. ఒక్క బైటు కూడా పోలేదు, అయినా సిస్టమ్ నడవదు!

నేను చెప్పేదేంటంటే, పేరు కూడా డేటానే. అది ఫైలు లోపల ఉండదు, డైరెక్టరీలో ఉంటుంది. ఫైళ్ళు కాపీ చేస్తే బ్యాకప్ అయిపోయినట్టు కాదు.

పాత కథే కదా అనుకోకండి. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో పేరుకి హద్దు 255 యూటీఎఫ్-16 యూనిట్లు. లినక్స్ ఈఎక్స్‌టీ4లో 255 బైట్లు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్‌పాయింటుకి 3 బైట్లు, అంటే 85తో సరి. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరానికే 18 బైట్లు ఖర్చు! విండోస్‌లో హాయిగా ఉన్న పొడుగాటి తెలుగు పేరు లినక్స్ బ్యాకప్ డిస్కులో పట్టకపోవచ్చు.

కాబట్టి 'బ్యాకప్ పూర్తయింది' అన్న మెసేజ్ చూసి మురిసిపోకండి. ఓసారి వేరే డిస్కులోకి రిస్టోర్ చేసి, రెండు చోట్లా పేర్ల జాబితాలు పోల్చి చూసుకోండి.